కాకి రాని కొండ

"నేను కాదక్కా. ప్రామిస్. ఐ డిడ్న్ట్ ఫీడ్ హిమ్."

కిట్టు ఆ మాట అనడం ఇది నాలుగోసారి. హెలెనా వాచీ చూసుకుంది. ఒంటిగంటా పది. నాలుగింటికి కిట్టుని తీసుకుపోవడానికి కొండ కింద ఊరి నుంచి వ్యాను వస్తుంది. కిట్టు అందులో ఎక్కాడంటే ఫీల్డ్ కోర్సు ఫెయిల్. కోర్సు ఫెయిలైతే స్కాలర్‌షిప్ పోతుంది. అది పోతే చదువుకి మంగళమే. పందొమ్మిదేళ్ల పిల్లాడి నెత్తిమీద ఇంత బండ పెట్టి, దించుకోవడానికి మూడు గంటలు టైమిచ్చారు మహానుభావులు!

జరిగింది ఇదీ. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరాన, ఏడాదిలో సగం రోజులు మబ్బులో మునిగి ఉండే కొండ అడవి. అందులో ఒక చిన్న లాడ్జి. జంతువుల్ని చూడ్డానికి తప్ప అక్కడికి ఎవరూ రారు. అడిలైడ్‌లోని మాసన్ లేక్స్ క్యాంపస్ నుంచి, హెలెనా కిట్టులతో కలిపి, పదకొండుమంది విద్యార్థులు జులై సెలవుల్లో పది రోజుల కోర్సుకి అక్కడికి వచ్చారు. ఆ అడవికి రాజు ఒక కాసోవరీ పక్షి. మనిషెత్తు ఉంటుంది. నీలం మెడ, నెత్తిన గట్టి డిప్ప, కాలికి కత్తిలాంటి గోరు. ఆ జాతిలో ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది, పొదిగేదీ పెంచేదీ మగదే. ఈ మగపక్షి వెనక మూడు చారల పిల్లలు తిరుగుతుంటాయి. అందుకే కిట్టు దానికి "నాన్నగారు" అని పేరు పెట్టాడు.

ఆ పొద్దున ఎనిమిదింటికి నాన్నగారు పిల్లల్ని వెంటేసుకుని లాడ్జి వంటగది దగ్గరికి వచ్చి, దోమతెర తలుపుని ఒక్క తన్ను తన్నాడు. తెర నిలువునా చీలిపోయింది. పదకొండేళ్లలో ఎప్పుడూ లాడ్జి గడప దాపులకి రాని పక్షి. ముక్కుకి తెల్లగా అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. మనిషి తిండి రుచి మరిగిన కాసోవరీ మనుషుల మీద పడుతుంది, అందుకే దానికి తిండి పెట్టడం నేరం. రేపు రేంజర్లు వస్తారు. ఎవరో చాన్నాళ్లుగా మేపుతున్నారని తేలితే నాన్నగారిని పట్టుకుపోయి ఎక్కడో వదిలేస్తారు. తండ్రి లేకపోతే ఆ మూడు పిల్లలూ నెల తిరక్కుండా చస్తాయి.

"సరే, మేపలేదు. మరి ఆరుంపావుకి హాజరు వేసినప్పుడు ఎక్కడున్నావు?" అంది హెలెనా.

కిట్టు నేల చూపులు చూశాడు. బట్టలారేసే గది అది. డ్రయ్యరు గుడగుడమంటోంది. హెలెనా వాడి కాళ్లకేసి చూసింది. మేజోళ్ల మీద తెల్లగా పొరలు కట్టి ఉంది.

"ఆ తెల్లదేంట్రా?"

"...సాల్ట్."

"మేజోళ్లకి ఉప్పేంటి, ఊరగాయ పెడుతున్నావా?"

"లీచెస్ అక్కా! నిన్న ఆరు పట్టాయి నన్ను. కిచెన్‌లోంచి సాల్ట్ తెచ్చుకుని సాక్స్‌కి రుద్దుకుంటూ ఇక్కడే కూర్చున్నా. సిక్స్ ఫార్టీకి బయటికొచ్చా. ఎవాకి మాత్రం చెప్పకు, ప్లీజ్. జలగలంటే భయమని తెలిస్తే షీ విల్ నెవర్ స్టాప్ లాఫింగ్."

చదువు పోతోందిరా అబ్బాయ్ అంటే, తోటి స్టూడెంటు ఎవా నవ్వుతుందేమోనని దిగులు! హెలెనాకి వాణ్ని చూస్తే జాలీ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆరూ నలభైకి వాడు తన పక్కకొచ్చి నిలబడ్డాడన్నది మాత్రం నిజం. జంతువుల్ని చూసే మంచె మీద ఏడున్నర దాకా ఇద్దరూ ఒకే బైనాక్యులర్స్‌లోంచి చెట్టు కంగారూని చూశారు. చిక్కల్లా ఒక్కటే. అడవిలో దుంగ మీద అన్నం పెడుతున్న చేతిని ఆటోమేటిక్ కెమెరా ఒకటి పట్టేసింది, ఆ ఫొటోలో ఉన్న టైము ఆరూ ఇరవైరెండు.

"ఆ కెమెరా నీదేగా?"

"నా ప్రాజెక్టుదే. నిన్న ఆ పెద్ద లాగ్ దగ్గరికి మార్చా. ఎవరికీ చెప్పలేదు. చెబితే ట్యూటర్ ద్వారక మళ్లీ మార్క్స్ కట్ చేస్తాడని. మొన్న బ్లాక్ బర్డ్ కనిపిస్తే క్రో అని రాశానా, టూ మార్క్స్ పోయాయి! కర్రవాంగ్ అట. ఇంత ఎత్తులో, ఈ ఫారెస్ట్‌లో అసలు కాకులే ఉండవట."

"కెమెరాలో టైము ఎవరు పెట్టారు?"

"నేనే. బయల్దేరే ముందు రోజు, మన ల్యాబ్‌లో. కరెక్ట్‌గానే పెట్టా అక్కా."

హెలెనా లేచింది. వాడి తల మీద చెయ్యి వేసి, "బట్టలు మాత్రం సర్దకు," అంది.

*

వంటగదిలో లాడ్జి యజమాని జూన్ చిరిగిన తెరకి కుట్టు వేస్తోంది. అరవై దాటిన మనిషి. పొద్దుట్నుంచి ఏడ్చినట్టు కళ్లు చెబుతున్నాయి, ఒప్పుకోమంటే మాత్రం ఒప్పుకోదు. ఆవిడ ఇంగ్లీషులో అన్నది ఇదీ:

"వాడు గుడ్డులోంచి వచ్చినప్పుడు చూశాను నేను. ఇప్పుడు ముగ్గురి తండ్రి. వాణ్ని పట్టుకుపోతే ఈ లాడ్జి మూసేస్తాను."

"ఫొటో మరొక్కసారి చూపించండి."

పొద్దున గొడవ కాగానే జూన్ పక్షి వచ్చిన అడుగుల జాడ పట్టుకుని పెద్ద దుంగ దగ్గరికి పరిగెత్తి, అక్కడి కెమెరా బుల్లితెర మీద కనబడిన బొమ్మని తన ఫోనుతో తీసుకొచ్చింది. మిగతా బొమ్మలు చూసే ఓపిక ఆవిడకి లేకపోయింది. కెమెరాని అక్కడే వదిలేసి, ఆ దారికి తాడు కట్టేసింది.

బొమ్మలో మొహం లేదు. పసుపుపచ్చ వానకోటు చెయ్యి, లాడ్జి అందరికీ ఇచ్చిందే. దుంగ మీద తెల్లటి ముద్ద. కుడిచేతి ఉంగరం వేలికి ఏదో ఉంగరం. కిట్టు వేలికీ స్టీలు ఉంగరం ఉంది, అక్కడే వాడి కొంప మునిగింది. అరచెయ్యి మాత్రం వింతగా ఒక పక్కకి ఒరిగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్లు కారుతున్నాయి.

హెలెనా బొమ్మని రెండుసార్లు పెద్దది చేసి చూసింది. కోటు పసుపుపచ్చగా ఉంది. పసుపుపచ్చగా ఎందుకుంది?

"జూన్, ఇప్పుడిక్కడ ఎన్నింటికి తెల్లవారుతోంది?"

"ఆరూ నలభై అయిదు. చెట్ల కింద ఇంకాస్త ఆలస్యం."

అయితే ఆరూ ఇరవైరెండుకి దుంగ దగ్గర కటిక చీకటి. చీకట్లో ఈ కెమెరాలు తీసే బొమ్మ నలుపూ తెలుపే. ఇందులో రంగుంది, ఆకు మీద పచ్చదనం ఉంది. హెలెనా ఆ సంగతి మనసులోనే ఉంచుకుంది. పైకి మాత్రం, "ద్వారకానాథ్ ఈ ఫొటో చూశాడా?" అని అడిగింది.

"లేదు. రిపోర్టు రాసుకుంటుంటే నేనే చదివి చెప్పాను. పసుపుపచ్చ కోటు, ఉంగరం, ఆరూ ఇరవైరెండు. చాలు అన్నాడు. నీ పుణ్యముంటుంది, ఈ శాండ్‌విచ్ అతనికివ్వు. పొద్దున తినలేదు, మధ్యాహ్నం తినలేదు. తెల్లవారుజామున ఐదున్నరకి, ఈ చలిలో, చన్నీళ్లతో తలస్నానం చేశాడు! ఎవరినైనా ప్రేమించాడా ఏమిటి?"

జూన్ శాండ్‌విచ్‌ని స్టీలు డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించింది. హెలెనా దాన్ని బ్యాగులో వేసుకుంది.

*

వరండాలో ద్వారకానాథ్ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. పీహెచ్‌డీ చివరి ఏడాది, ఈ కోర్సుకి ట్యూటరు, తెనాలి మనిషి. పక్షి పేరు తప్పు చెబితే కన్నతల్లినైనా ఊరుకోడని పేరు. హెలెనా అంటే అతనికి గిట్టదు. మార్చిలో ల్యాబ్‌లో లెన్సులు పోతే, క్లీనర్ తీశాడని అతను తేల్చేశాడు. హెలెనా ఫోరెన్సిక్స్ విద్యార్థిని, రెండు గంటలు వెతికి అవి అతని సొరుగులోనే ఉన్నాయని చూపించింది. అది అతను మర్చిపోలేదు.

"వాసన పట్టడం అయిందా, డిటెక్టివ్ మేడం?"

"సగం అయింది. మిగతా సగం దుంగ దగ్గరుంది. వెళ్తున్నాను."

"ఆ దారి మూసేశారు. నేను ఇన్‌చార్జిని."

"జూన్ గారు తాడు విప్పమన్నారు. మీరు ఇన్‌చార్జి కాబట్టి మీరూ రండి. ఫొటో కూడా చూడని ఇన్‌చార్జి సీన్ అయినా చూడాలిగా!"

ద్వారకానాథ్ మొహం మాడ్చుకున్నాడు. "చూడ్డానికేముంది? ఆరుంపావు నుంచి ఆరూ ముప్పై అయిదు దాకా అందరూ ఈ వరండాలోనే నా కళ్ల ముందున్నారు. కిట్టు ఒక్కడే లేడు. వేలికి ఉంగరం. ముక్కుకి అన్నం. తెలుగువాళ్లం ముగ్గురమే. నువ్వా కాదు, నేనా కాదు. లెక్క తేలిపోయింది."

"ఎంత తొందరో తేల్చేయడానికి," అని హెలెనా మెట్లు దిగింది. అతను వెనకే రాలేదు. వెళ్లవద్దని మళ్లీ అనలేదు కూడా.

*

రెండూ పది. పెద్ద దుంగ లాడ్జికి పది నిమిషాల నడక, మంచెకి సరిగ్గా అవతలి దిక్కు. మబ్బు నేల దాకా దిగింది. హెలెనా ముందు కెమెరా దగ్గరికి వెళ్లలేదు. దుంగ ముందు మోకాళ్ల మీద కూర్చుని అంగుళం అంగుళం చూసింది. నాచులో మెతుకులు. మెతుకుల్లో నల్లటి చుక్కలు. ఒకటి గోటితో తీసి నలిపి వాసన చూసింది. నువ్వులు.

దుంగ కింద, ఆకుల్లో, ఒక గడ్డిపోచ దొరికింది. రెండు పేటలు మెలేసి, ముడి వేసి, ఉంగరంలా చుట్టి ఉంది. హెలెనా దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

కాకినాడలో పక్కింటి భ్రమరాంబ గారింట్లో ఏడాదికోసారి తద్దినం. ఆ రోజున ఎనిమిదేళ్ల హెలెనాకి ఒక ఉద్యోగం ఉండేది. వాళ్లింటి పిల్లిని పెరటి గోడ మీదికి పోకుండా ఒళ్లో పట్టుకుని కూర్చోవాలి. గోడ మీద ముద్ద ఉండేది. కాకి వచ్చి ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టేవారు కాదు. భ్రమరాంబ గారి కొడుకు గడ్డి ఉంగరం వేలికి పెట్టుకుని, అరచెయ్యి ఒరగేసి, బొటనవేలి పక్కనుంచి నువ్వుల నీళ్లు వదిలేవాడు. కాకి ముట్టాక పిల్లిని వదిలేయడం, హెలెనాకి రెండు గారెలు దక్కడం. చర్చికి పోయే పిల్ల అయినా తద్దినం రోజు ఆవిడకి హెలెనా లేకపోతే జరిగేది కాదు.

హెలెనా లేచి కెమెరా ముందు చెయ్యి ఊపింది. తన వాచీ రెండూ ఇరవై నాలుగు. కెమెరా తన చేతి బొమ్మ మీద వేసిన టైము ఒకటీ యాభై నాలుగు.

అరగంట! అడిలైడ్ గడియారం జులైలో క్వీన్స్‌లాండ్ కంటే అరగంట వెనక. ఫోన్లు వాటంతటవే మారాయి. కెమెరాని మార్చాలని ఎవరికీ తట్టలేదు. ఫొటో ఆరూ ఇరవైరెండుది కాదు, ఆరూ యాభైరెండుది. అప్పటికి కిట్టు మంచె మీద తన మోచేతి పక్కనే ఉన్నాడు. లేనిది ఒకే ఒక్కడు. "మీరు పదండి, నేను టెలిస్కోపు తెస్తాను" అని వెనకబడి, ఏడూ నలభైకి తిరిగి లాడ్జిలో కనబడినవాడు.

ఆమె మిగతా బొమ్మలు ఒక్కొక్కటే తిప్పింది. ఒక బొమ్మ దగ్గర ఆగిపోయి, చాలాసేపు చూసింది.

వెనక ఆకుల చప్పుడైంది. ద్వారకానాథ్.

"సాక్ష్యాలు పాడుచేస్తున్నావని రిపోర్టులో రాయమంటావా?"

"రాసుకోండి. ముందు ఇది ఎవరిదో చెప్పండి." హెలెనా అరచెయ్యి చాపింది. గడ్డి ఉంగరం.

అతను తన కుడిచేతిని కోటు జేబులోకి దోపుకున్నాడు.

"కెమెరాలో అడిలైడ్ టైముంది, ద్వారకానాథ్ గారూ. అరగంట కలపండి. అది కలిపితే కిట్టు నా పక్కనుంటాడు. మీరెక్కడుంటారు?"

అతను ఏదో అనబోయి, ఉన్నట్టుండి ఆమె భుజం మీదుగా అవతలికి చూశాడు.

"కదలకు," అన్నాడు గొణుగుతున్నట్టు. "వెనక్కి తిరగకు. పరిగెత్తకు."

నేల లోపలి నుంచి వచ్చినట్టు ఒక బొంగురు చప్పుడు. హెలెనా కాళ్లలో అది వణుకులా తెలిసింది. ద్వారకానాథ్ ఆమె భుజానున్న బ్యాగు లాక్కుని, ఆమెని పక్కకి జరిపి, బ్యాగుని పొట్టకి అడ్డం పెట్టుకుని ముందు నిలబడ్డాడు. ఎదురుగా మూడు గజాల్లో నాన్నగారు. కాళ్ల మధ్య చారల పిల్లలు.

హెలెనాకి అప్పుడు గుర్తొచ్చింది. బ్యాగులో శాండ్‌విచ్ ఉంది!

పక్షి మెడ చాపింది. బ్యాగు మీద ముక్కుతో ఒకసారి పొడిచింది. లోపల స్టీలు డబ్బా టంగుమంది. రెండోసారి పొడిచింది. ద్వారకానాథ్ కాళ్లు అంగుళం కదల్లేదు. దేవుడా, ఆ మూత ఊడకుండా చూడు అని హెలెనా లోపల్లోపల ప్రార్థన చేసుకుంది. ఒక పిల్ల ద్వారకానాథ్ బూటు మీదికెక్కి, దిగి, తండ్రి కాళ్లలోకి దూరింది. నాన్నగారు దుంగ మీద మిగిలిన నాలుగు మెతుకులూ వెతికి ఏరుకున్నాడు. ఇంకేమీ లేదని తేలాక పిల్లల్ని పిలుచుకుని మబ్బులోకి వెళ్లిపోయాడు. నాలుగు నిమిషాలు. హెలెనా వాచీ చూడకుండానే లెక్కపెట్టింది.

ద్వారకానాథ్ దుంగ మీద కూలబడ్డాడు.

"అమ్మ," అన్నాడు. "ఇవాళ ఏడాది. నా దగ్గరే ఉండేది, మాసన్ లేక్స్‌లో. రెండేళ్లున్నాక పోయింది. నాకు అన్నా తమ్ముడూ ఎవరూ లేరు. కోర్సు వదిలి వెళ్లడానికి లేదు. గదిలో చిన్న కుక్కరుంటే అన్నం వండాను. కాకి కోసం పెట్టాను, ఈ కాసోవరీ కోసం కాదు. అరగంట పైగా చూశాను, రాలేదు. ఎలా వస్తుంది? ఇంత ఎత్తులో కాకులుండవని ఈ పిల్లలకి చెప్పింది నేనే. అయినా పెట్టాను. పెట్టిన ముద్ద వెనక్కి తీసుకోకూడదు కదా, అలాగే వదిలేసి వచ్చాను."

"మరి కిట్టు?"

"ఆరూ ఇరవైరెండు అని జూన్ అనగానే ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు నేను వరండాలో ఉన్నాను కదా, నాకంటే ముందు ఇంకెవరో పెట్టారు, నాది కాదు అనుకున్నాను."

"ఫొటో చూస్తే తెలిసిపోయేది."

"అందుకే చూడలేదు." అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "తప్పు చేశాను హెలెనా. దాన్ని ఆ పిల్లాడి మెడకి చుట్టాను. అమ్మ ఉంటే నా చెంప పగలగొట్టేది."

హెలెనా అతన్ని ఓడించాలనే వచ్చింది. మార్చి నుంచి దాచుకున్న మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ అక్కడే వదిలేసి పక్కన కూర్చుంది.

"మూడైంది," అంది మెల్లిగా. "వ్యానుకి ఇంకా గంటుంది."

"రిపోర్టు తిరగరాస్తాను. వ్యానులో సీటు నాది. రేంజర్లకి కూడా నేనే ఫోన్ చేసి చెబుతాను. పెట్టింది ఒక్కసారే, ఒక్క ముద్దే, దానికి అలవాటు కాలేదని. నేను ఒప్పుకుంటేనే దాన్ని ఉండనిస్తారు." అతను గట్టిగా ఊపిరి వదిలాడు. "డిగ్రీ సంగతి తర్వాత. ఆ పిల్లలకి తండ్రి ఉండాలి."

"కిట్టుకి క్షమాపణ?"

"ముందు అదే."

హెలెనా కెమెరా చేతిలోకి తీసుకుంది. "ఇంకొకటుంది. ఇది కేసుకి అక్కర్లేదు. మీకు చూపించాలనిపించింది. మీరు ఇక్కణ్నుంచి ఎన్నింటికి కదిలారు?"

"ఏడున్నరకి."

"ఇది కెమెరాలో ఏడూ నాలుగు. అంటే ఏడూ ముప్పై నాలుగు. మీరు వెళ్లిన నాలుగు నిమిషాలకి. నాన్నగారు రావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది."

బొమ్మలో దుంగ. దుంగ మీద ముద్ద. ముద్ద పక్కన ఒక నల్లటి పక్షి, నోట్లో నాలుగు మెతుకులతో కెమెరాలోకి సూటిగా చూస్తోంది. తోక చివర తెల్లటి అంచు. కళ్లు పసుపుపచ్చ.

ద్వారకానాథ్ కెమెరాని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లు ముందు తోక మీదికి, తర్వాత కంటి మీదికి వెళ్లడం హెలెనా చూసింది. ఆ కర్రవాంగ్ జాతి గురించి అతను రెండు వ్యాసాలు రాశాడు.

"మాసన్ లేక్స్‌లో బాల్కనీలో కూర్చునేది," అన్నాడు. "నల్లగా ఏది వాలినా 'కాకి వచ్చిందిరా ద్వారకా' అనేది. అమ్మా అది కాకి కాదు, మ్యాగ్‌పై. అమ్మా అది కాకి కాదు, కర్రవాంగ్. రెండేళ్లూ దిద్దుతూనే ఉన్నాను. ఒక్కసారైనా అవునమ్మా అనలేదు."

హెలెనా పరీక్షలో అతను అడిగే పద్ధతిలోనే అడిగింది. "అయితే ఇదేం పక్షి, సార్?"

అతని కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

"కాకి," అన్నాడు. "కాకేనమ్మా. ముట్టింది."

మబ్బు కాస్త పైకి లేచింది. లాడ్జి వైపు నుంచి కిట్టు "అక్కా!" అని అరవడం వినబడింది. ద్వారకానాథ్ లేచి బ్యాగు ఆమెకి తిరిగిస్తూ, "ఇందులో టంగుమంది ఏమిటి?" అని అడిగాడు.

"మీ భోజనం. జూన్ గారు పంపారు. ఇక్కడ మాత్రం తెరవకండి."

అతను తలూపి డబ్బా తీసుకుని, తాడు దాటేదాకా దాన్ని చేత్తో పట్టుకునే నడిచాడు. తాడు దాటగానే మూత తీశాడు.